మోయడానికి నలుగురు: బడి దాటే రోజుకు పిల్లవాడు ఎలా ఉండాలి? జెస్యూట్ బడుల అనుభవంపై ఒక కేస్ స్టడీ

"రేపు పోతే మోయడానికి నలుగురైనా ఉండాలి కదా" అని మనవాళ్లు తరచూ అనే మాట. ఆ నలుగురూ లేని మనుషులు ఏ ఊళ్లోనైనా ఉంటారు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, క్లీవ్‌లాండ్ నగరంలో అలాంటివాళ్ల శవపేటికలు మోయడానికి బడిపిల్లలు వస్తారు. సెయింట్ ఇగ్నేషియస్ హైస్కూలు 1886లో జెస్యూట్లు, అంటే ఒక కథోలిక సన్యాస సంఘానికి చెందిన గురువులు, పెట్టిన మగపిల్లల బడి. 2003లో అక్కడి విద్యార్థులతో అరిమతయియ యోసేపు పేరున ఒక బృందం మొదలైంది. పిలాతు దగ్గరికి వెళ్లి యేసు దేహాన్ని అడిగి తెచ్చి సమాధి చేసినవాడు ఆ యోసేపు. అయినవాళ్లు ఎవరూ మిగలని వృద్ధులు, ఇల్లు లేక వీధుల్లో పోయినవాళ్లు, పేటిక ఎత్తే ఓపిక లేని ఇద్దరు ముగ్గురు ముసలి చుట్టాలు తప్ప దిక్కు లేనివాళ్లు చనిపోయినప్పుడు బడికి కబురు వస్తుంది. పిల్లలు కోటు, టై వేసుకుని వెళ్తారు. పేటిక మోస్తారు, ప్రార్థనలో నిలబడతారు, తిరిగొచ్చి క్లాసులో కూర్చుంటారు.

ఇది చూసి "ఎంత మంచి పిల్లలో" అనుకుని ఊరుకుంటే అసలు సంగతి చేజారిపోతుంది. ఈ పని వెనక ముప్పై ఏళ్ల కసరత్తు ఉంది. బడి దాటే రోజున పిల్లవాడు ఎలా ఉండాలో ముందు కాగితం మీద రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి నడుస్తూ టైంటేబులు, సెలవులు, పరీక్షలు, శిక్షలు అన్నీ సరిచూసుకున్న కసరత్తు అది. క్రైస్తవ బడి నడిపేవాళ్లకు, అందులో పాఠం చెప్పేవాళ్లకు పనికొచ్చేది ఆ వెనక్కి నడిచే పద్ధతే. అది ఎలా పనిచేస్తుందో, ఎక్కడ చెడుతుందో, మన టెన్త్ క్లాసుకు ఎంతవరకు సరిపోతుందో ఇక్కడ వివరిస్తున్నాం.

ప్రశ్న ఎక్కడ పుట్టింది

జెస్యూట్లు సిసిలీ దీవిలోని మెస్సీనాలో 1548లో బడి పెట్టారు. 1599 నాటికి ఏ తరగతిలో ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నదానికి ఒక నియమావళి తయారుచేసుకున్నారు. ఆ తర్వాత మూడు నాలుగు శతాబ్దాలు వాళ్ల బడుల్లో చదివినవాళ్లు జడ్జీలయ్యారు, మంత్రులయ్యారు, పెద్ద వ్యాపారులయ్యారు. బయటివాళ్ల లెక్కలో అది విజయం.

ఆ లెక్కను బహిరంగంగా ప్రశ్నించినవాడు 1970లలో జెస్యూట్ సంఘానికి పెద్దగా ఉన్న పెడ్రో అరూపే. స్పెయిన్ దేశపు బాస్క్ ప్రాంతంవాడు, వైద్యం చదువుకున్నవాడు. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడినప్పుడు హిరోషిమా శివార్లలోనే ఉన్నాడు. గురువుల శిక్షణాలయాన్ని ఆస్పత్రిగా మార్చి గాయపడ్డవాళ్లకు వైద్యం చేశాడు. 1973 జూలై 31న వలెన్సియాలో ఐరోపా జెస్యూట్ బడుల పూర్వ విద్యార్థుల మహాసభ జరిగింది. అక్కడ ఆయన వేసిన ప్రశ్న ఇది: మేము మిమ్మల్ని న్యాయం కోసం తీర్చిదిద్దామా? లేదు అని జవాబూ తనే చెప్పాడు. తన కోసం కాకుండా ఇతరుల కోసం బతికే మనుషులను తయారుచేయడమే ఈ చదువు పని కావాలన్నాడు. సన్మానపు మాటలు విందామని వచ్చినవాళ్లలో కొందరికి అది మింగుడుపడలేదు. పూర్వ విద్యార్థులను పిలిచి కూర్చోబెట్టి, మీ చదువులో లోపం మాదేనని చెప్పగలిగిన విద్యాసంస్థలు ఎన్నో ఉండవు. ఈ కేసులో మిగిలినదంతా ఆ ఒప్పుకోలు మీద నిలబడింది.

కాగితం

అమెరికా జెస్యూట్ హైస్కూళ్లు 1970లో ఒక సంఘంగా ఏర్పడ్డాయి. ఆ సంఘం 1980లో ఒక పత్రం వెలువరించింది. నాలుగేళ్ల హైస్కూలు ముగించి బయటికి అడుగుపెడుతున్న పద్దెనిమిదేళ్ల విద్యార్థి రూపురేఖలు అందులో ఐదు శీర్షికల కింద ఉన్నాయి. ఎదుగుదలకు మనసు తెరిచి ఉంచుకున్నవాడు, చదువులో సత్తా ఉన్నవాడు, భక్తి ఉన్నవాడు, ప్రేమించగలవాడు, న్యాయం చేయడానికి కట్టుబడ్డవాడు. 2010లో దీన్ని సవరించారు కానీ ఐదూ అలాగే ఉన్నాయి.

విడివిడిగా చూస్తే వీటిలో కొత్తదేమీ లేదు. ఏ బడి గోడ మీదైనా ఇలాంటి మాటలు కనిపిస్తాయి. పత్రం బలం రెండు చోట్ల ఉంది. ఒకటి, ప్రతి శీర్షిక కిందా చిన్న చిన్న వాక్యాలు ఉన్నాయి, చాలావాటిని చూసి నిజమో కాదో చెప్పవచ్చు. తన ఎదుగుదలకు తనే బాధ్యత తీసుకోవడం మొదలుపెట్టాడా, తన సొంత గుంపు దాటి మరొకరిని దగ్గరికి తీసుకోగలుగుతున్నాడా, ఇలా. రెండు, వాక్యాలకు వాడిన క్రియ. పరిపూర్ణుడయ్యాడు అని ఎక్కడా అనదు, "మొదలుపెట్టాడు" అంటుంది. పద్దెనిమిదేళ్లవాడు దారి మధ్యలో ఉన్నాడని దాని లెక్క. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ కాదు. "నిజాయితీపరుడు" అని రాసుకున్న బడి, కాపీ కొట్టి దొరికిన పిల్లవాడిని వెళ్లగొట్టాలి, లేదంటే చూడనట్టు ఊరుకోవాలి. "నిజాయితీగా ఉండడం మొదలుపెట్టాడు" అని రాసుకున్న బడికి మూడో దారి ఉంటుంది: సున్నా వేస్తుంది, మళ్లీ పరీక్ష పెడుతుంది, అమ్మానాన్నల ముందు వాడి చేతే చెప్పిస్తుంది, వాడిని వదులుకోదు.

చదువులో సత్తా అన్నది ఐదింటిలో ఒకటిగా ఉండడం కూడా గమనించాలి. మంచి మనసు ఉంటే చాలు, లెక్కలు రాకపోయినా పర్లేదు అని ఈ పత్రం అనదు. వంతెన సరిగా కట్టలేని ఇంజినీరు దయగలవాడైనా జనం చచ్చిపోతారు. పాఠం సరిగా చెప్పని క్రైస్తవ బడి ప్రార్థన ఎంత బాగా చేయించినా, అప్పు చేసి ఫీజు కట్టిన తల్లిదండ్రులకు అన్యాయం చేసినట్టే.

క్లీవ్‌లాండ్ పని ఎందుకు నిలబడింది

ఇరవై ఏళ్లు దాటినా ఆ బృందం కొనసాగుతోంది. ఇతర జెస్యూట్ బడులూ అందిపుచ్చుకున్నాయి. బడి సేవా కార్యక్రమాలు సాధారణంగా రెండో ఏడాదికే ఫొటోల దగ్గర ఆగిపోతాయి కాబట్టి, ఇది ఎందుకు ఆగలేదో విడదీసి చూడడం అవసరం.

పని శరీరంతో చేసేది. చెక్క పేటిక, లోపలి మనిషి కలిపి నూట యాభై కిలోలు దాటడం మామూలే. మామూలుగా ఆరుగురు మోస్తారు, అంటే తలా పాతిక కిలోల పైమాటే. కాళ్ల వైపు ముందుంచి నడవాలి. అడుగు కలవాలి. మెట్లు దిగేటప్పుడు కింది వైపు ఉన్నవాళ్ల మీద బరువు పెరుగుతుంది కాబట్టి ఎత్తూ బలమూ ఉన్నవాళ్లు అక్కడ ఉండాలి. అందుకే ముందు సాధన కావాలి. పదహారేళ్ల పిల్లవాడి చేతికి ఇంత స్పష్టమైన పని ఇస్తే వాడు తన గురించి ఆలోచించడం మానేస్తాడు. అడుగు తప్పితే ఏమవుతుందో వాడికి తెలుసు.

తిరిగి ఏమీ రాదు. అందుకున్న మనిషి కృతజ్ఞతలు చెప్పలేడు. అనాథాశ్రమంలో పండ్లు పంచినప్పుడు పిల్లల నవ్వులు దొరుకుతాయి, ఆ నవ్వుల కోసం మళ్లీ వెళ్తాం. ఇక్కడ అదీ లేదు. క్రైస్తవ సంప్రదాయంలో ఏడు దయాకార్యాలు ఉన్నాయి. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ఆకలి, దాహం మొదలైన ఆరు ఉంటే, చనిపోయినవారిని పాతిపెట్టడం కథోలిక బైబిలులో ఉన్న తోబీతు గ్రంథం నుంచి ఏడోదిగా చేరింది. ఆరింటిలోనూ ఎదురుగా బతికున్న మనిషి ఉంటాడు. ఏడోదానిలో ఉండడు.

పని బడి వేళల్లో జరుగుతుంది. ఇది ఎవరూ పెద్దగా చెప్పని విషయం, మా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. అంత్యక్రియలు ఆదివారం దాకా ఆగవు. పిల్లలు వెళ్లాలంటే లెక్కల మాస్టారు తన పీరియడ్ వదులుకోవాలి. బడి తన దగ్గరున్న విలువైన వస్తువును, అంటే క్లాసు సమయాన్ని, దీనికోసం ఖర్చుపెడుతోందని పిల్లలు గమనిస్తారు. శనివారం సాయంత్రం చేయించే సేవ మిగులు సమయంలో చేసే సేవ, అదీ వాళ్లకు తెలుసు.

తిరిగొచ్చాక మాట్లాడుకోవడం చివరిది. జెస్యూట్ బోధనా పద్ధతిని 1993లో ఐదు మెట్లుగా రాశారు: పిల్లల పరిస్థితి తెలుసుకోవడం, అనుభవం ఇవ్వడం, దాని మీద ఆలోచింపజేయడం, పనిలోకి దించడం, సరిచూసుకోవడం. సేవా కార్యక్రమాలు ఎక్కువగా విఫలమయ్యేది మూడో మెట్టు దగ్గర. అనుభవం అయ్యాక బస్సెక్కి ఇంటికి పంపేస్తే పిల్లవాడికి మిగిలేది జాలి. ఈ మనిషికి ఎవరూ లేకుండా ఎలా పోయారు, ఊళ్లో ఇలా ఎంతమంది, ఎందుకు అన్న ప్రశ్నలు అడిగితేనే న్యాయం అన్న ఐదో శీర్షిక దాకా వెళ్తాడు.

ఎక్కడ చెడుతుంది

ఈ నమూనాను తెచ్చిపెట్టుకున్న బడుల్లో పొరపాట్లు దాదాపు ఒకేలా ఉంటాయి.

అన్నిటికంటే మామూలుది మార్కులు వేయడం. ఐదు శీర్షికలను ఐదు కాలమ్‌లు చేసి, ఒక్కోదానికి ఇరవై మార్కులు పెడితే ఆ రోజే అది చచ్చిపోతుంది. పిల్లలు తెలివైనవాళ్లు, టీచరుకు నచ్చే భక్తిని రెండు వారాల్లో రాసి చూపిస్తారు. భక్తికి, ప్రేమకు ఎప్పుడూ మార్కు వేయకూడదు. చదువుకు వేయవచ్చు, వేయాలి. సేవను గంటల్లో లెక్కపెట్టడం కూడా ఇదే జబ్బు. నలభై గంటలు పూర్తి చేయాలంటే పిల్లలు సంతకాల కోసం తిరుగుతారు. గంటలకు బదులు ఒకే మనిషి దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లాడో చూడడం మేలు.

రిట్రీట్‌ను, అంటే పాఠాలు పక్కనపెట్టి ప్రార్థనలో, ఆలోచనలో గడిపే రోజులను, చివరి వారంలో పెట్టడం మరో పొరపాటు. విడిపోతున్నామన్న దిగులులో పిల్లలు ఏడుస్తారు, పెద్దవాళ్లు అది మార్పు అనుకుంటారు. పరీక్షలకు కనీసం మూడు నెలల ముందు పెడితే, తర్వాత మామూలు రోజుల్లో ఆ నిర్ణయం ఏమైందో పిల్లవాడే చూసుకునే వీలుంటుంది.

అన్నిటికంటే లోతైన దెబ్బ బడి తన చేతులతోనే కొట్టుకుంటుంది. ఉదయం అసెంబ్లీలో తప్పిపోయిన గొర్రె ఉపమానం చదివి, మధ్యాహ్నం ఫీజు బాకీ ఉన్నవాళ్లను పేరు పిలిచి నిలబెట్టే బడి ఏం నేర్పినట్టు? బాకీ తీరేదాకా హాల్ టికెట్టో టీసీయో ఆపితే, పదేళ్ల మోరల్ సైన్స్ పీరియడ్లు ఆ ఒక్క రోజుతో కొట్టుకుపోతాయి. మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టి చివరి సెక్షనుకు కొత్త టీచర్లను వేయడం, గేటు దగ్గర ఫ్లెక్సీలో మొదటి పదిమంది ఫొటోలే వేయడం కూడా పాఠాలే, పుస్తకంలో ఉన్నవాటికంటే గట్టిగా అంటుకునే పాఠాలు. బాకీ వసూలు చేయవద్దని కాదు. అది కరస్పాండెంటుకూ తల్లిదండ్రులకూ మధ్య గదిలో తలుపు వేసుకుని తేల్చుకోవాల్సిన విషయం, పిల్లవాడి చేతికి చీటీ ఇచ్చి పంపాల్సింది కాదు.

డబ్బు సమస్యకు పాఠశాల రూపాన్నే మార్చి జవాబు చెప్పిన ఉదాహరణ ఒకటుంది. షికాగోలో పేద కుటుంబాల పిల్లల కోసం 1996లో మొదలైన క్రిస్టో రే జెస్యూట్ హైస్కూలులో ప్రతి విద్యార్థీ నెలకు ఐదు రోజులు ఏదో ఒక ఆఫీసులో ఉద్యోగం చేస్తాడు. నలుగురు కలిసి ఒక పూర్తికాలపు ఉద్యోగాన్ని పంచుకుంటారు, ఆ జీతం వాళ్ల ఫీజుకు వెళ్తుంది. మన చట్టాల్లో, మన ఊళ్లలో పదిహేనేళ్లవాళ్లతో ఇది చేయించలేం, చేయించకూడదు. కానీ ఫీజు అన్నది కూడా విద్యా ఉద్దేశంలో భాగమేనని గుర్తించిన తీరు నేర్చుకోదగ్గది.

తెలుగు నేల మీద

ఎవరి కోసం ఈ చదువు అన్న తగువు మనకు కొత్త కాదు. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన ఇంగ్లిషు బడి పైకులాల పిల్లలను ఉద్దేశించినది. పైవాళ్లు మారితే కిందికి చేరుతుందన్న ఆలోచన అది. పల్నాడు, ఒంగోలు వైపు లూథరన్, బాప్టిస్టు మిషన్లు నడిపిన పల్లె బడుల్లో ఇతర బడుల తలుపులు తెరుచుకోని మాల మాదిగ పిల్లలు అక్షరాలు దిద్దారు. రెండు దారుల్లోనూ చదువుకున్నవాళ్లు తయారయ్యారు. ఈ రోజు క్రైస్తవ బడి వరండాలో ఇద్దరి మునిమనవలూ పక్కపక్కన కూర్చుంటున్నారు, వాళ్లతోపాటు ముస్లిం పిల్లలూ. బడిదాటే పిల్లవాడి రూపురేఖలు రాసేటప్పుడు ఈ క్లాసును కళ్ల ముందు ఉంచుకోవాలి, క్లీవ్‌లాండ్ క్లాసును కాదు.

మొదట చట్టం. అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు రాజ్యాంగం 30వ అధికరణలో ఉంది. దాంతోపాటే 28(3) ఉంది: ప్రభుత్వ గుర్తింపు లేదా ప్రభుత్వ నిధులు ఉన్న బడిలో పిల్లవాడిని, సంరక్షకుల సమ్మతి లేకుండా, మతబోధకు గానీ ఆరాధనకు గానీ హాజరు కావాలని అనకూడదు. కాబట్టి క్రైస్తవ మతబోధ జరిగే క్యాటెకిజం పీరియడ్ క్రైస్తవ పిల్లలకు విడిగా ఉండాలి, అదే సమయంలో మిగతావాళ్లకు సరైన పీరియడ్ ఉండాలి, ఊరికే వరండాలో కూర్చోబెట్టకూడదు. సమ్మతి అడ్మిషన్ ఫారంలో చిన్న అక్షరాల్లో ఇరికించకుండా తెలుగులో విడి కాగితం మీద తీసుకోవాలి. ఇది తప్పనిసరి తలనొప్పి అనుకునేవాళ్లున్నారు. మేము అలా అనుకోం. బలవంతంగా మోకరిల్లిన పిల్లవాడు ఐదింటిలో ఏ శీర్షిక కిందా ఎదగడు.

పత్రంలో భక్తి శీర్షిక కింద కథోలిక సిద్ధాంతాల పరిచయాన్ని ఆశించారు. మన క్లాసులో దాన్ని యథాతథంగా పెట్టలేం. ఇలా రాసుకోవచ్చు: క్రైస్తవ విద్యార్థి తన విశ్వాసాన్ని తన మాటల్లో చెప్పడం మొదలుపెట్టాడు, ఇతర విద్యార్థి తన ఇంటి విశ్వాసాన్ని ఇంకా బాగా తెలుసుకోవడం మొదలుపెట్టాడు, ఇద్దరూ ఒకరి ముందు ఒకరు సిగ్గుపడకుండా, ఒకరినొకరు చిన్నచూపు చూడకుండా దాని గురించి మాట్లాడగలుగుతున్నారు.

రాసే పని ఒక ఆదివారంలో హెచ్‌ఎం ఒక్కరే కూర్చుని ముగించేది కాదు. మూడు విడతలు కావాలి. మొదటి విడతలో ఆయమ్మ, వాచ్‌మన్, బస్సు డ్రైవరుతో సహా సిబ్బంది అంతా ఒక్కొక్కరు ఒక వాక్యం రాయాలి: "మన బడి దాటిన పిల్లవాడు ఎప్పుడూ ఇలా చేయకూడదు." చేయాల్సినవి అడిగితే అందరూ పెద్ద పెద్ద మాటలు రాస్తారు, చేయకూడనివి అడిగితే నిజాలు వస్తాయి. ఆయమ్మ రాసేది, రాయడం రాకపోతే చెప్పేది, చాలాసార్లు అందరిలోకీ పదునుగా ఉంటుంది, ఎందుకంటే పెద్దల కళ్లు లేని చోట పిల్లలు ఎలా ఉంటారో ఆమెకు తెలుసు. రెండో విడతలో వాటిని ఐదు శీర్షికల కింద సర్ది, ఒక్కోదాని కింద నాలుగు వాక్యాలకు మించకుండా కుదించాలి. మూడో విడత కష్టమైనది: ఇరవై వాక్యాల పక్కనా, ఈ గుణం మన బడిలో ఏ పీరియడులో, ఏ రోజున, ఎవరి చేతుల్లో నేర్చుకునే వీలుందో రాయాలి. ఖాళీగా మిగిలిన గళ్లే ఆ బడి నిజమైన పరిస్థితి.

టెన్త్ సంవత్సరంలో కొత్తగా ఏమీ మొదలుపెట్టకూడదు. దసరా తర్వాత స్లిప్ టెస్టులు, స్టడీ అవర్లు, ప్రీ ఫైనల్స్ వరుసగా మింగేస్తాయి. చేయాల్సింది తొమ్మిదో తరగతిలో చేయాలి. శవపేటికలు మోయించడం ఇక్కడ కుదరదు. పాడె ఎవరు పట్టాలన్నది మన దగ్గర బంధుత్వం, కులం, మతం తేల్చే విషయం, పిల్లలను అందులోకి దించడం తప్పు. అందులోని గుణాలున్న మరో పనిని ఎంచుకోవాలి. మేము సూచించేది: తొమ్మిదో తరగతి పిల్లవాడికి మూడో తరగతిలో చదవడం రాని ఒక బిడ్డను అప్పగించడం. వారానికి రెండుసార్లు, ఇరవై నిమిషాలు, బడి వేళల్లోనే. ఇరవైనాలుగు వారాల్లో 48 సార్లు, మొత్తం పదహారు గంటలు. ఏడాదంతా అదే బిడ్డ. జతలు రోల్ నంబరును బట్టి వేయాలి, పిల్లలను ఎంచుకోనిస్తే కులమూ వీధీ ఎంచుకుంటాయి. నెలకోసారి ఒక పీరియడ్ మాటలకు: నీ బిడ్డకు చదవడం ఎందుకు రాలేదనుకుంటున్నావు? మొదటి నెలలో "బద్ధకం" అన్నవాడు నాలుగో నెలకు, వాళ్లమ్మ మిర్చి కోతలకు వలసపోయిందనో, ఆ బిడ్డకు బోర్డు కనబడడం లేదనో చెబుతాడు. ఆ మాట దగ్గర న్యాయం అన్న శీర్షిక తెరుచుకుంటుంది.

గది ఊడ్చే వంతు కూడా రోల్ నంబరు ప్రకారమే ఉండాలి. ఫలానా పిల్లలే చీపురు పట్టే బడి ఎన్ని పత్రాలు రాసుకున్నా వృథా.

రోజువారీ సాధనకు జెస్యూట్ బడుల్లో ఉన్న ఆత్మపరిశీలన మంచి సాధనం. మధ్యాహ్నం గంట కొట్టాక నాలుగు నిమిషాలు: దొరికినవాటికి కృతజ్ఞత, వెలుగు కోసం అడగడం, పొద్దుటి నుంచి జరిగింది తిరగేసుకోవడం, చేసిన తప్పుకు చింత, సాయంత్రానికి ఒక నిర్ణయం. మైకులో మాటలు తక్కువ ఉండాలి, ఒక్కో మెట్టుకు ఒక వాక్యం చాలు. ఎవరిని ఉద్దేశించి అన్నది క్రైస్తవేతర పిల్లలకు వదిలేయాలి. 220 పనిదినాలకు ఏడాదిలో పద్నాలుగున్నర గంటల పైనే అవుతుంది. మొదటి నెల నవ్వులు, గిల్లుకోవడాలు తప్పవు, తిట్టకూడదు. టీచరు ఆ నాలుగు నిమిషాల్లో పేపర్లు దిద్దితే మాత్రం ఆ క్లాసులో అది ఎప్పటికీ కుదరదు.

ఫలితం తెలుసుకోవడానికి ఫేర్‌వెల్ రోజు ప్రసంగాలు పనికిరావు, పూర్వ విద్యార్థుల సమ్మేళనమూ పనికిరాదు. దానికి వచ్చేది బాగుపడ్డవాళ్లే. ఐదేళ్ల కిందటి టెన్త్ రిజిస్టరు తీసి ప్రతి మూడో నంబరుకు ఫోన్ చేయాలి. అడగాల్సినవి నాలుగు: ఏం చేస్తున్నావు, ఈ మధ్య నీకు లాభం లేకుండా ఎవరి కోసం సమయం పెట్టావు, నీ కులం, మతం కాని దగ్గరి స్నేహితులు ఎవరు, మా బడిలో నీకు జరిగిన అన్యాయం ఏమిటి. నాలుగోదానికి వచ్చిన జవాబులను పేర్లు తీసేసి జూన్‌లో మొదటి స్టాఫ్ మీటింగులో చదవాలి.

ఇక టీసీ. అందులో ప్రవర్తన అన్న గడి ఉంటుంది, దాదాపు అందరికీ ఒకే మాట రాసి ముద్ర వేస్తాం. ఆఫీసు అవసరానికి అది అలాగే ఉండనివ్వండి. దాంతోపాటు క్లాస్ టీచరు ప్రతి విద్యార్థితో పావుగంట విడిగా కూర్చోవాలి. నలభైమందికి పది గంటలు, రోజుకు ఇద్దరు చొప్పున ఇరవై పనిదినాలు. ప్రీ ఫైనల్స్ ముందే, జనవరిలో, సంక్రాంతి సెలవులు అయ్యాక మొదలుపెడితే సరిపోతుంది. ఇరవై వాక్యాల కాగితం ఇద్దరి మధ్యా ఉంటుంది. తను ఏవి మొదలుపెట్టాడో ముందు విద్యార్థి గుర్తు పెట్టాలి, తర్వాత తను గమనించినవాటిని టీచరు, ఒక సంఘటన చెప్పి మరీ, గుర్తు పెట్టాలి. కింద ఇద్దరూ సంతకం చేసి కాగితం పిల్లవాడికి ఇచ్చేయాలి. నకలు ఆఫీసులో ఉంచకూడదు. ఉంచితే మరుసటి ఏడాది పిల్లలు ఆఫీసు కోసం గుర్తులు పెట్టడం మొదలుపెడతారు.